1947–57 నాటి ‘న్యూ లుక్’: గౌను కుట్టించడం నుంచి జుట్టు చుట్టడం దాకా

రెట్రో పార్టీ అనగానే చాలామంది చేసే పని ఒకటే. ఆన్‌లైన్‌లో ఒక చుక్కల గౌను కొంటారు, ఎర్ర లిప్‌స్టిక్ వేసుకుంటారు, తలకి స్కార్ఫ్ కట్టుకుంటారు. ఫొటో తీసి చూస్తే మాత్రం 1950లు ఎక్కడా కనిపించవు. చుక్కల గౌను వేసుకున్న ఇప్పటి అమ్మాయే కనిపిస్తుంది. తప్పు చుక్కలది కాదు, ఆకారానిది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పారిస్‌లో మొదలై లండన్, న్యూయార్క్‌ల మీదుగా ఊరూరా పాకిన ఆ స్టైల్‌ని లోపలి నుంచి బయటికి కట్టుకుంటూ వచ్చారు. లోపలి పట్టీ, లోపలి లంగా, భుజం కుట్టు సరిగ్గా పడితే పైన ఏ డిజైనూ లేని తెల్ల పాప్లిన్ వేసినా ఆ కాలం తెలిసిపోతుంది. అవి కుదరకపోతే ఎన్ని ముత్యాలు వేసుకున్నా లాభం లేదు.

కాలేజీ నాటకానికైనా, ఫొటోషూట్‌కైనా, సరదాకైనా ఈ పద్ధతి పనికొస్తుంది. టైలర్‌కి కనీసం రెండు మూడు వారాలు టైమివ్వండి. పెళ్లిళ్ల సీజన్‌లో అయితే ఇంకా ముందే చెప్పుకోవాలి.

కత్తెర పట్టేముందు తెలియాల్సిన చరిత్ర

యుద్ధం రోజుల్లో బట్ట కూడా రేషనే. బ్రిటన్‌లో 1941 జూన్ 1న బట్టలకి కూపన్లు మొదలయ్యాయి. మొదటి ఏడాది పెద్దవాళ్లకి తలా 66 కూపన్లు ఇచ్చారు. ఎన్ని కుచ్చిళ్లు పెట్టాలి, ఎన్ని గుండీలు కుట్టాలి అన్నదానికీ ప్రభుత్వ నిబంధనలుండేవి. అమెరికాలో 1942లో వచ్చిన ఎల్-85 ఉత్తర్వు స్కర్టు పొడవుకీ గేరుకీ హద్దులు పెట్టింది. అందుకే ఆ రోజుల ఫొటోల్లో స్కర్టు మోకాలి దగ్గరే ఆగిపోయి ఇరుగ్గా ఉంటుంది. భుజాలు మాత్రం ప్యాడ్లతో సైనికుల కోటులా నలుచదరంగా ఉంటాయి.

1947 ఫిబ్రవరి 12న పారిస్‌లోని 30, అవెన్యూ మోంటేన్‌లో ఫ్రెంచ్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ తన మొదటి కలెక్షన్ చూపించాడు. వాలు భుజాలు, సన్నని నడుము, గుండ్రంగా పొంగిన తుంటి, పిక్కల దాకా దిగిన స్కర్టు. ఒక్కో గౌనుకి పది, ఇరవై గజాల బట్ట. అమెరికన్ పత్రిక ‘హార్పర్స్ బజార్’ సంపాదకురాలు కార్మెల్ స్నో దాన్ని ‘న్యూ లుక్’ అంది, ఆ పేరే నిలిచిపోయింది. డియోర్‌కి పెట్టుబడి పెట్టిన మార్సెల్ బుస్సాక్ పత్తి మిల్లుల యజమాని. గజాల లెక్కన బట్ట తినే డిజైనర్ మీద ఆయన డబ్బు పెట్టడంలో వింతేముంది!

అందరూ చప్పట్లు కొట్టలేదు. రొట్టెకే కటకటగా ఉన్న పారిస్‌లో, రూ లెపిక్ సంతలో ఈ గౌన్లతో ఫొటోలు తీస్తుంటే అక్కడి ఆడవాళ్లు మోడల్ మీద పడి బట్టలు చింపారు. అమెరికాలోని డాలస్‌లో స్కర్టు పొడుగు పెరగడానికి వ్యతిరేకంగా ‘మోకాలికి కాస్త కింద’ అనే క్లబ్బే పెట్టుకున్నారు. బ్రిటన్ మంత్రి స్టాఫర్డ్ క్రిప్స్ ఇంత బట్ట దండగని విసుక్కున్నాడు. మనకి 1942 నాటి రాయబారంతో గుర్తున్న క్రిప్సే ఈయన. బ్రిటన్‌లో బట్టల రేషన్ 1949 మార్చి 15 దాకా ఉంది. మరి అక్కడి మామూలు ఇల్లాళ్లు న్యూ లుక్ ఎలా వేసుకున్నారు? పాత స్కర్టు కింద వేరే రంగు పట్టీ అతికించి పొడుగు చేసుకున్నారు. భుజం ప్యాడ్లు విప్పేశారు. కర్టెన్ గుడ్డా, మిగిలిపోయిన పారాచూట్ గుడ్డా కుట్టుకున్నారు. మనం పాటించాల్సింది డియోర్ ఖర్చు కాదు, ఈ ఇల్లాళ్ల ఉపాయాలు.

1. ముందు ఏడాది తేల్చుకోండి

‘ఫిఫ్టీస్’ అనేది ఒక్క స్టైల్ కాదు. మీరు ఏ ఏడాదిలో ఉన్నారో తేల్చుకోకపోతే టైలర్‌కి ఏం చెప్పాలో తెలియదు.

1947–49 నాటిది కావాలంటే స్కర్టు అంచు నేలకి సుమారు 12 అంగుళాల ఎత్తులో ఉండాలి. ఆ కలెక్షన్‌లో అందరికీ గుర్తుండిపోయింది ‘బార్’ సూటు: మీగడ రంగు పట్టు జాకెట్, నల్ల ఉన్ని కుచ్చిళ్ల స్కర్టు. జాకెట్ అడుగు భాగం తుంటి మీద గొడుగులా విచ్చుకునేలా లోపల మెత్తలు పెట్టారు. చూడముచ్చటగా ఉంటుంది కానీ మన ఎండల్లో ఏసీ హాలు దాటి బయటికి రాలేరు.

1950–56 మధ్యది మామూలు జనం వేసుకున్న కాటన్ గౌను. పై భాగం ఒంటికి అతుక్కుని, కింద నిండు గేరుతో, మోకాలికి నాలుగైదు అంగుళాల కింద దాకా ఉంటుంది. ఇంగ్లండులో 1946లో మొదలైన హారాక్సెస్ ఫ్యాషన్స్ కంపెనీ పెద్ద పెద్ద పూల కాటన్ గౌన్లతోనే పేరు తెచ్చుకుంది. నన్నడిగితే ఇదే ఎంచుకోమంటాను. కాటన్ మన వాతావరణానికి సరిపోతుంది. ఈ గేరు మన టైలర్లందరికీ తెలిసిన ‘ఫుల్ అంబ్రెల్లా’నే కాబట్టి కొత్తగా నేర్పాల్సిందీ లేదు.

మూడోది సన్నటి పెన్సిల్ స్కర్టు. గేరు లేదు కాబట్టి బట్ట ఆదా. కానీ కొలతలో అరంగుళం తేడా వచ్చినా తెలిసిపోతుంది, మెట్లెక్కాలంటే వెనక చీలిక ఉండాల్సిందే.

నడుము బిగింపు అసలు పడదు అనేవాళ్లకి అమెరికన్ డిజైనర్ క్లెయిర్ మెకార్డెల్ దారి ఉంది. న్యూయార్క్‌లో ఆమె 1942లో చేసిన ‘పాపోవర్’ గౌను ధర 6.95 డాలర్లు. చుట్టుకుని కట్టేసుకునే గౌను, దానికో పెద్ద జేబు. యుద్ధం అయ్యాక కూడా ఆమె ఇదే తోవలో డెనిమ్, కాటన్‌లతో హాయిగా ఉండే బట్టలు చేసింది, వాటి కిందకి మడమ లేని బ్యాలే చెప్పులు వేయించింది. ఇదీ ఆ కాలపు స్టైలే, ఎవరూ కాదనలేరు.

1957లో డిజైనర్ బాలెన్సియాగా గోనెసంచిలాంటి వదులు గౌను తెచ్చాడు. ఆ అక్టోబరులో డియోర్ చనిపోయాడు. మరుసటి ఏడాది ఆయన వారసుడు ఈవ్ సాన్ లోరాన్ ‘ట్రపీజ్’ గౌన్లలో నడుమునే తీసేశాడు. అందుకే ఈ మార్గదర్శిని 57 దగ్గర ఆపుతున్నాను.

2. కొలతలు, లోపలి పట్టీ

కొలతలు ఇచ్చే రోజు, ఆ గౌను లోపల ఏ బ్రా వేసుకుంటారో అదే వేసుకుని వెళ్లండి. ఆ కాలం బ్రాలు కోన్ ఆకారంలో, బాగా పైకెత్తి పట్టేవి. అది దొరక్కపోయినా ఫర్వాలేదు. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్య ఎత్తులో ఛాతీ నిలిచేలా స్ట్రాప్ బిగించుకుంటే చాలు. ఇది కిందికి జారిపోతే నడుము పొట్టిగా కనిపిస్తుంది, గౌను అంతా పాడవుతుంది.

ఇక నడుము. 1946 ప్రాంతంలో పారిస్ డిజైనర్ మార్సెల్ రోషాస్ నడుము బిగించే చిన్న కోర్సెట్ తెచ్చాడు. డియోర్ అయితే చాలా గౌన్లలో ఆ బిగింపుని లోపలే కుట్టించేశాడు. మనకి అంత అవసరం లేదు. నడుము సన్నగా కనబడటం సగం లెక్క మాత్రమే. మిగతా సగం భుజం నుంచీ తుంటి నుంచీ వస్తుంది. గేరు విచ్చుకుంటే నడుము దానంతటదే సన్నబడినట్టు కనిపిస్తుంది. కాబట్టి కోర్సెట్ కోసం ఊపిరి బిగబట్టకండి. కడుపునిండా భోంచేశాక కొలవండి, ఆ కొలతకి అరంగుళం కూడా తగ్గించొద్దు.

దాని బదులు టైలర్‌తో ఒక పని చేయించండి. అంగుళం వెడల్పున్న, సాగని పట్టీని నడుము కుట్టు లోపలి వైపు నాలుగైదు చోట్ల మాత్రమే టాకా వేయించి, దానికి విడిగా హుక్కు పెట్టించండి. జిప్ వేసేముందు ఈ పట్టీ హుక్కు పెట్టుకోవాలి. గేరు బరువంతా ఆ పట్టీ మోస్తుంది. జిప్ మీద లాగుడు ఉండదు, నడుము కుట్టు రోజంతా కదలదు. ఖరీదైన పారిస్ గౌన్ల లోపల ఉండే కిటుకు ఇదే. మన దగ్గర పాతిక రూపాయల పట్టీతో అయిపోతుంది.

తుంటి మెత్తలు బార్ సూటుకీ పెన్సిల్ స్కర్టుకీ మాత్రమే. అరచేయంత అర్ధచంద్రాకారంలో, మధ్యలో మందంగా, అంచుల్లో పలచగా దూది కూర్చి లోపల అతికించాలి. అంచు మందంగా ఉంటే బయటికి గీతలా కనబడుతుంది.

3. బట్ట

పాప్లిన్, కేంబ్రిక్, కాస్త బిర్రుగా ఉండే చేనేత కాటన్ మంచివి. మంగళగిరి కాటన్ బాగా నిలబడుతుంది. జార్జెట్, క్రేప్ లాంటి జారే బట్టలు వద్దు, గేరు కిందికి వేలాడుతుంది. డిజైన్లలో పెద్ద గులాబీలు, చారలు, గళ్లు, చుక్కలు అన్నీ ఆ కాలానివే. గులాబీ రంగు గళ్ల గౌనుతో ఫ్రెంచ్ నటి బ్రిజిట్ బార్డో 1959లో పెళ్లి చేసుకున్నాక ఫ్రాన్స్‌లో గళ్లకి గిరాకీ పెరిగింది. అందరిలా కాకుండా ఏదైనా కావాలంటే 1951 నాటి ‘ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్’ ప్రదర్శన డిజైన్లు వెతకండి. సూక్ష్మదర్శినిలో చూసినట్టుండే ఆ వలయాలూ చుక్కలూ స్ఫటికాల నిర్మాణ పటాల నుంచి తీసినవి. ఇన్సులిన్, హిమోగ్లోబిన్ నిర్మాణాలు కూడా గుడ్డల మీదికీ వాల్‌పేపర్ల మీదికీ ఎక్కాయి. ఏ బయాలజీ టీచర్‌కో కుట్టించి ఇవ్వదగ్గ గౌను!

కొన్న బట్టని తడిపి ఆరేసి ఇస్త్రీ చేశాకే టైలర్‌కి ఇవ్వండి. ఫుల్ అంబ్రెల్లా గుడ్డ కుంచించుకుపోతే సరిచేయడం కుదరదు.

4. గేరు లెక్క

ఇక్కడ నిదానంగా చదవండి, బట్ట వృథా అయ్యేది ఇక్కడే.

ఫుల్ అంబ్రెల్లా అంటే పూర్తి వృత్తం, మధ్యలో నడుము కోసం చిన్న వృత్తం కోసేస్తాం. ఆ చిన్న వృత్తం వ్యాసార్ధం కావాలంటే నడుము కొలతని 6.28తో భాగించాలి. నడుము 28 అంగుళాలైతే సుమారు నాలుగున్నర అంగుళాలు వస్తుంది. కుట్టుకి అరంగుళం పోతుంది కాబట్టి గీత నాలుగు దగ్గరే గీయాలి. లేకపోతే కుట్టాక నడుము వదులైపోతుంది.

స్కర్టు పొడవు 28 అంగుళాలు, అంచు మడతకి ఒక అంగుళం అనుకుందాం. నాలుగున్నర, 28, 1 కలిపితే మొత్తం వ్యాసార్ధం 33.5 అంగుళాలు. 44 అంగుళాల పన్నా గుడ్డలో ఇది అడ్డంగా పడుతుంది కానీ పూర్తి వృత్తం పట్టదు. అందుకని రెండు అర్ధవృత్తాలుగా కోయాలి. ఒక్కో దానికి 67 అంగుళాల పొడవు గుడ్డ, రెండిటికీ 134 అంగుళాలు, అంటే సుమారు 3.4 మీటర్లు. కుంచించుకుపోయేది కూడా లెక్కేసి 3.75 తీసుకోండి. పై భాగానికి ఇంకో 1.25 మీటర్లు. మొత్తం అయిదు మీటర్లు. పన్నాలో పక్కన మిగిలే పది అంగుళాల పట్టీ పారేయనివ్వకండి. బెల్టు, కాలరు, తలకి కట్టే బ్యాండ్ అన్నీ అందులో వస్తాయి.

అంత బట్ట వద్దనుకుంటే హాఫ్ అంబ్రెల్లా. నడుమును 3.14తో భాగించాలి. 28కి సుమారు 9 అంగుళాలు వస్తుంది. మొత్తం వ్యాసార్ధం 38, గుడ్డ రెండు మీటర్ల పైన కాస్త. గేరు తగ్గుతుంది కానీ లోపల లంగా గట్టిగా ఉంటే చూడ్డానికి బాగానే ఉంటుంది.

అన్నిటికంటే తేలికైనది, ఆ రోజుల్లో ఇంట్లో కుట్టుకున్నవాళ్లు ఎక్కువగా చేసింది, మూడు నిలువు ముక్కలు కలిపి నడుము దగ్గర కుచ్చు పెట్టడమే. 28 పొడవుకి ఒక్కో ముక్క 31 అంగుళాలు తీసుకున్నా రెండున్నర మీటర్లలో అయిపోతుంది. కాకపోతే కుచ్చు మందం నడుము దగ్గర చేరుతుంది. నడుము సన్నగా ఉన్నవాళ్లకే ఇది నప్పుతుంది.

అంబ్రెల్లా గుడ్డని నడుము కుట్టాక ఒక రోజంతా హ్యాంగర్‌కి వేలాడదీసి, ఆ తర్వాతే అంచు మడత కుట్టాలి. ఏటవాలుగా పడిన చోట గుడ్డ తన బరువుకి సాగి కిందికి దిగుతుంది. టైలర్లు తొందరలో ఈ పని వదిలేస్తారు, రెండు ఉతుకులకి అంచు ఎగుడుదిగుడు అవుతుంది. గట్టిగా చెప్పండి. అంచు సమానం చేసేటప్పుడు మీరు నిలబడి, నేల నుంచి స్కేలుతో చుట్టూ గుర్తు పెట్టించుకోవాలి.

5. లోపలి లంగా

గేరు గాల్లో నిలబడాలంటే దీనికి మించింది లేదు. లెహంగాల్లో వేసే క్యాన్‌క్యాన్ నెట్ అన్ని ఊళ్లలోనూ దొరుకుతోంది. పైన నడుము నుంచి ఎనిమిది అంగుళాల దాకా మామూలు కాటన్ పెట్టించండి, అక్కడ నెట్ పెడితే తుంటి లావుగా కనబడుతుంది. దాని కింద మూడు వరసలు: మొదటిది రెండు మీటర్ల నెట్, రెండోది నాలుగు, మూడోది ఎనిమిది, ఒకదాని అంచుకి ఒకటి కుచ్చు పెట్టి కుట్టాలి. మొత్తం పొడవు గౌను కంటే రెండంగుళాలు తక్కువ ఉండాలి. లోపల పలచటి కాటన్ అస్తరు తప్పనిసరి, లేకపోతే అరగంటకే కాళ్లు గీరుకుపోతాయి.

అమెరికాలో ఆ రోజుల్లో ఈ లంగాల్ని పంచదార నీళ్లలో ముంచి బిర్రుగా చేసేవాళ్లు. మన దగ్గర ఆ పని చేస్తే చీమలు ఊరేగింపుగా వస్తాయి. పల్చటి గంజి చాలు, అదీ కాటన్ లంగాకైతేనే. నైలాన్ నెట్‌కి ఏమీ అక్కర్లేదు.

6. టైలర్‌కి ఏం చెప్పాలి

ఫొటో ఒక్కటే చూపిస్తే వాళ్లు ఇప్పటి ఫ్రాకు కుట్టేస్తారు. మాటల్లో చెప్పాల్సినవి: భుజం ప్యాడ్ వద్దు, భుజం కుట్టు కాస్త వాలుగా ఉండాలి. ఛాతీ దగ్గర డాట్లు నడుము దాకా రావాలి, లేదంటే ప్రిన్సెస్ కట్ వేయాలి. నడుము కుట్టు సరిగ్గా సహజమైన నడుము మీద పడాలి, చుడీదార్‌కి పెట్టినట్టు కిందికి కాదు. పక్కకి బాగా వంగి చూస్తే మడత పడే చోటే సహజమైన నడుము. చేతులు భుజం నుంచే కలిసి వచ్చే పొట్టి చేతులైతే బాగుంటాయి. జిప్ ఎడమ పక్కన లేదా వెనక వేయించండి. కాలరు, మెడ పట్టీల లోపల పలచటి బక్రమ్ (బిర్రుగా నిలబెట్టే గుడ్డ) వేయించండి. అస్తరు లేకుండా పైభాగం కుట్టించొద్దు. ట్రయల్ వేసుకునేప్పుడు క్యాన్‌క్యాన్ లంగా కూడా తీసుకెళ్లాలి, అది లేకుండా చూసిన పొడవు లెక్కలోకి రాదు.

గౌను వద్దు, చీరే అనేవాళ్లకి మన హైదరాబాద్‌లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. నీలోఫర్ ఆసుపత్రికి ఎవరి పేరు పెట్టారో ఆ నీలోఫర్ యువరాణి, యుద్ధం తర్వాత ఎక్కువ కాలం పారిస్‌లోనే ఉంది. ఎంబ్రాయిడరీ చీరల్ని పొందికగా, ఒంటికి దగ్గరగా కట్టుకున్న ఆమె ఫొటోలు చూడండి. పైన చెప్పిన సన్నటి పెన్సిల్ రూపానికి అవి చీరలో జవాబు. బ్లౌజు కొలతలకీ జుట్టుకీ మేకప్‌కీ ఇక్కడ చెప్పినవన్నీ అలాగే పనికొస్తాయి.

7. జుట్టు

ముందో దిద్దుబాటు. నుదుటి మీద రెండు వైపులా గొట్టాల్లా చుట్టే ‘విక్టరీ రోల్స్’ యుద్ధకాలపువి. తేనెతుట్టెలా ఎత్తుగా లేపే ‘బీహైవ్’ 1960లో షికాగోలో పుట్టింది. రెండూ మనం ఎంచుకున్న కాలానివి కావు. న్యూ లుక్‌తో వచ్చింది చిన్నగా, చక్కగా, తలకి దగ్గరగా ఉండే జుట్టు. పెద్ద స్కర్టు మీద చిన్న తల ఉంటేనే ఆ ఆకారం నిలబడుతుంది. తర్వాత పొట్టి ఉంగరాల కత్తిరింపులు వచ్చాయి, టీనేజీ పిల్లలకి పోనీటెయిల్ వచ్చింది.

వీటన్నిటికీ పునాది పిన్ కర్ల్. రాత్రి పూట చేసుకోవాలి. జుట్టు తడిగా కాదు, చెమ్మగా ఉండాలి. నూనె ఉంటే ఉంగరం నిలవదు కాబట్టి ముందు రోజే తలంటుకోండి. సెట్టింగ్ లోషన్ లేకపోతే రెండు చెంచాల అవిసె గింజలు ఒక కప్పు నీళ్లలో జిగురొచ్చేదాకా మరిగించి, వేడిగా ఉండగానే వడకట్టండి. చల్లారితే గింజల నుంచి జిగురు విడిపోదు.

అంగుళం చదరపు పాయ తీయండి. జిగురు రాసి దువ్వి, కొస నుంచి మొదలుపెట్టి వేలికి చుట్టుకుంటూ మాడు దాకా తెచ్చి, నాణెంలా చదునుగా తలకి ఆనించండి. రెండు పిన్నులు ఇంటూ గుర్తులా గుచ్చండి. కొస లోపల దాగాలి, బయటికి పొడుచుకుంటే ఉదయానికి అది గడ్డిపోచలా నిలబడుతుంది. నుదుటి దగ్గర వరసని ముఖానికి దూరంగా చుట్టండి. దాని వెనక వరస ఎడమకి చుడితే ఆ తర్వాతది కుడికి, అప్పుడే అలలు వస్తాయి. అన్నీ ఒకే వైపు చుడితే ఉంగరాలే వస్తాయి, అల రాదు. మెడ దగ్గర రెండు వరసలు కిందికి చుట్టి, స్కార్ఫ్ కట్టుకుని పడుకోండి. మన జుట్టు మందం కాబట్టి ఒత్తుగా ఉన్నవాళ్లకి ఒక రాత్రి చాలకపోవచ్చు, వానాకాలంలో మరీ. పొద్దున ఒక పిన్ను తీసి చూడండి. చెమ్మ తగిలితే మిగతావి ముట్టుకోకుండా హెయిర్ డ్రయ్యర్ సన్నగా పెట్టండి.

పిన్నులన్నీ తీసి అద్దంలో చూసుకోగానే చాలామంది భయపడి ఆపేస్తారు. ఇక్కడే దువ్వాలి. వేళ్లతో కాదు, కుచ్చు దువ్వెనతో, గట్టిగా, అయిదు పది నిమిషాలు. ముందు జుట్టంతా ఉబ్బిపోతుంది, దువ్వేకొద్దీ ఉంగరాలు ఒకదాంట్లో ఒకటి కలిసి అలలుగా కూర్చుంటాయి. అరచేతిలో చుక్క పోమేడ్ (జుట్టుకి రాసే మైనంలాంటి క్రీము) రుద్ది పైన నిమిరితే మెరుపు వస్తుంది. ఆ తర్వాతే హెయిర్ స్ప్రే.

నడుం దాకా జడ ఉన్నవాళ్లు కత్తిరించుకోనక్కర్లేదు. ముందు భాగమే పిన్ కర్ల్ చేసి, వెనక జుట్టు వదులుగా కట్టి కొసల్ని లోపలికి మడిచి మెడ దగ్గర పిన్నులతో బిగిస్తే పొట్టి జుట్టులా కనిపిస్తుంది. లేదా పోనీటెయిల్ వేసి కొసలు మాత్రం చుట్టుకోండి, చిన్న స్కార్ఫ్ ముడి వేయండి.

8. ముఖం

ఆ కాలం ముఖం మెరవకూడదు. హైలైటర్ పక్కన పెట్టేయండి. మాక్స్ ఫ్యాక్టర్ కంపెనీ ప్యాన్‌కేక్ మేకప్, తర్వాత 1940ల చివర్లో వచ్చిన ప్యాన్‌స్టిక్ ఒక సమమైన, పౌడరు అద్దిన ముఖాన్ని ఇచ్చేవి. మీకు సరిగ్గా సరిపోయే ఫౌండేషన్, దాని మీద పలచగా లూజ్ పౌడర్ చాలు. మీ రంగు కంటే ఒక్క ఛాయ కూడా తెల్లగా పోవొద్దు. ఆ ఫొటోల్లో అందరూ తెల్లవాళ్లే కదా అనుకోకండి: 1954 నవంబరులో ‘లైఫ్’ పత్రిక ముఖచిత్రం మీదికొచ్చిన నల్లజాతి నటి డొరొతీ డాండ్రిజ్ ఫొటోలు ముందు పెట్టుకోండి. చామనఛాయకీ నలుపుకీ ఆ మేకప్ ఎలా కూర్చుంటుందో వాటిల్లో తెలుస్తుంది.

కనుబొమలు దట్టంగా, పైకి వంపు తిరిగి ఉండాలి. 1930ల నాటి సన్న గీత కాదు. ఐలైనర్ పై రెప్పకే వేసి, బయటి కొస దగ్గర చిన్నగా పైకి లాగండి. కింద కాటుక పెట్టొద్దు! మనకి ఇది మానుకోలేని అలవాటే, కానీ కింద కాటుక పడగానే ముఖం 1950లు వదిలి మన ఊరొచ్చేస్తుంది. పై రెప్పకి మస్కారా చాలు.

ఎర్ర పెదవులకి కాస్త కథ ఉంది. 1950లో హేజెల్ బిషప్ అనే రసాయనశాస్త్రజ్ఞురాలు చెరగని లిప్‌స్టిక్ అమ్మకానికి తెచ్చింది. 1952లో రెవ్లాన్ ‘ఫైర్ అండ్ ఐస్’ ఎరుపుతో పెద్ద ప్రచారం చేసి, పెదవికీ గోళ్లకీ ఒకే రంగు అమ్మింది. అదే ఏడాది మన దేశంలో టాటాలు లాక్మే మొదలుపెట్టారు; విదేశీ సౌందర్య సాధనాల కోసం బయటికి పోతున్న డబ్బుని ఆపాలని నెహ్రూ అడిగితే పుట్టిన కంపెనీ అది. మన ఒంటి రంగుకి చెర్రీ ఎరుపు, ఇటుక ఎరుపు బాగుంటాయి. నారింజ కలిసిన ఎరుపు అయితే పగటి వెలుగులో ఒకసారి చూసుకుని కొనండి. లైనర్‌తో పై పెదవి వంపుని గుండ్రంగా గీసి, లిప్‌స్టిక్ వేసి, టిష్యూతో అద్ది, పౌడరు చల్లి, మళ్లీ వేయండి. టిఫిన్ తిన్నా ఉంటుంది. బుగ్గలకి గులాబీ రంగు లేశమాత్రమే.

9. మిగతావి

బూట్లు: చెప్పుల డిజైనర్ రోజే వివియే డియోర్ కోసం చేసిన సన్న మడమ స్టిలెట్టోలు 1954 ప్రాంతం నాటివి. అంతకుముందు ఏడాది ఎంచుకున్నవాళ్లు రెండంగుళాల మామూలు మడమ వేసుకోవచ్చు, నడుం నొప్పి తప్పుతుంది. మేజోళ్ల సంగతి: యుద్ధంలో నైలాన్ అంతా పారాచూట్లకి పోయింది. 1946లో పిట్స్‌బర్గ్‌లో 13,000 జతల కోసం 40,000 మంది వరసలో నిలబడ్డారు. దొరకనివాళ్లు కాలి వెనక కనుబొమల పెన్సిల్‌తో గీత గీసుకుని మేజోడు వేసుకున్నట్టు నటించారు. మీరు కూడా ఆ గీత గీసుకోవచ్చు. మన ఎండలో మేజోళ్ల కంటే అదే నయం.

తెల్ల కాటన్ చేతితొడుగులు, ఒక వరస ముత్యాలు, చిన్న చేతిసంచి, వీటిలో ఏవైనా రెండు చాలు. కళ్లద్దాలుంటే పిల్లికన్ను ఫ్రేమ్ తీసుకోండి.

ఆ రోజు ముస్తాబయ్యే వరస

ముందు పిన్నులు తీయకుండానే, లిప్‌స్టిక్ తప్ప మేకప్ అంతా పూర్తి చేయండి. తర్వాత లోపలి బట్టలు, క్యాన్‌క్యాన్ లంగా. గౌను తల మీదుగా వేసుకునేముందు ముఖానికి పలచటి స్కార్ఫ్ కప్పుకోండి, ఫౌండేషన్ బట్టకి అంటదు. లోపలి పట్టీ హుక్కు, ఆ తర్వాత జిప్. అప్పుడు పిన్నులు తీసి జుట్టు దువ్వండి. భుజాల మీద తువ్వాలు వేసుకోవడం మర్చిపోవద్దు. లిప్‌స్టిక్, చేతితొడుగులు చివర.

బండి మీద వెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి, ఈ గేరు చక్రంలో పడితే ప్రాణానికే ప్రమాదం. ఆటోలోనో కారులోనో ఎక్కేటప్పుడు వెనకవైపు గేరుని రెండు చేతులతో పైకెత్తి, ముందు కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి తెచ్చుకోవాలి. క్యాన్‌క్యాన్ మీద నేరుగా కూర్చుంటే ముందు భాగం పైకి లేస్తుంది. ఇంటికొచ్చాక లంగాని తిరగేసి హ్యాంగర్‌కి వేలాడదీయండి. బీరువాలో మడత పెడితే నెట్‌కి పడిన ముడతలు పోవు, ఇస్త్రీ పెట్టె తగిలిస్తే కరిగిపోతుంది.